ఔను, మాది బేషరమ్ ఖాందానే



గత అక్టోబర్‌లో ఒక ఆదివారం పొద్దున మా ఇంటిల్లిపాదీ హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు పరుగెత్తాం. పరుగెత్తాం అంటే అందరమూ కాదు. పదిహేనేళ్ల మా బేటీ నిజంగా పరుగెత్తింది. పదేళ్ల బేటా కాసేపు పరుగెత్తి, కాసేపు డివైడర్ మీద కూర్చుని, మళ్లీ పరుగెత్తాడు. నేనూ మా బేగమూ నడకా పరుగూ కలిపి ఎలాగో లాగించాం. అరవై మూడేళ్ల మా అమ్మీ మొదటినుంచి చివరిదాకా నడిచింది. రొమ్ము కాన్సర్ వచ్చిన గరీబ్ ఔరతుల ఇలాజ్ కోసం చందా పోగుచేసే పరుగు అది. మనిషికి అయిదు వందల ఫీజు.

అయిపోయాక చేతిలో అరటిపండ్లతో, ముఖాల మీద చెమటతో ఒక ఫోటో దిగాం. మా బేటీ దాన్ని ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పది నిమిషాలు కాలేదు, మా చిచ్చా ఒకాయన వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఔరతాం రోడ్ పో దౌడ్తే క్యా మియా? బేషరమ్ ఖాందాన్ హోగయా తుమారా."

ఆ రోజు నేను జవాబివ్వలేదు. అమ్మీ వద్దంది. "పెద్దాయన, ఊరుకో బేటా" అంది. ఊరుకున్నాను. మొన్న ఒక వలీమాలో దస్తర్‌ఖాన్ దగ్గర అదే మాట మళ్లీ వచ్చింది. ఈసారి మా బేటీ వింటుండగా, నలుగురూ నవ్వుతుండగా. అది ప్లేటు పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి షూ తీసి అల్మారీ మీద పెట్టింది. ఈ ఏడాది పరుగుకు పేర్లు ఇవ్వాల్సిన రోజులొచ్చాయి. అడిగితే, "నా పేరు వద్దులే అబ్బా" అంది.

అందుకే రాస్తున్నాను. చిచ్చాకు మాత్రమే కాదు. ఆ రోజు దస్తర్‌ఖాన్ దగ్గర నవ్విన వాళ్లందరికీ. నవ్వకపోయినా నోరు మెదపని నాలాంటి వాళ్లకు కూడా.

మొదటి ఏతరాజ్: రోడ్డు మీద ఔరతులా?

సరే, రోడ్డు సంగతే మాట్లాడుకుందాం. రంజాన్ ఆఖరి అష్రాలో రాత్రి పదకొండింటికి పత్తర్‌గట్టీ, లాడ్‌బజార్ ఎలా ఉంటాయో మనకు తెలియదా? భుజం భుజం రాసుకునే గుంపు. అడుగు తీసి అడుగు వేయలేం. గాజులు, చెప్పులు, సూట్ పీసుల కోసం మన ఇళ్ల ఔరతులు సహరీ వేళదాకా ఆ గుంపులోనే తిరుగుతారు. సంచులు మోసేది మనమే. అప్పుడు ఏ చిచ్చా వాయిస్ మెసేజ్ పెట్టాడు? షాదీఖానాలో రాత్రి ఒంటిగంటకు, రంగు దీపాల కింద, వీడియోవాడు కెమెరా భుజాన వేసుకుని జనానా వైపు తిరుగుతుంటే ఎవరికి బేషర్మీ గుర్తొచ్చింది?

అదే ఔరత్ పొద్దున ఆరున్నరకు, ఒంటినిండా బట్టతో, తలమీద స్కార్ఫ్‌తో, పక్కన మొగుడూ పిల్లలూ అత్తా ఉండగా, ఒక నేక్ కామ్ కోసం నాలుగడుగులు గబగబా వేస్తే ఫిత్నా అయిపోయింది!

అంటే మన ఏతరాజ్ రోడ్డు మీద కాదు, గుంపు మీదా కాదు. ఔరత్ రోడ్డు మీదికి కొనడానికి వస్తే మనకు పర్వాలేదు. వండడానికి కూరగాయలు తేవడానికి వస్తే పర్వాలేదు. పిల్లల్ని ట్యూషన్‌కు తోలుకెళ్లడానికి వస్తే పర్వాలేదు. తన ఒంటి కోసం, తన ఖుషీ కోసం ఒక గంట వస్తేనే మనకు హయా యాదికొస్తుంది. దీనికి దీన్ పేరు పెట్టకండి. ఇది మన ఆదత్.

రెండో ఏతరాజ్: దీన్‌లో ఉందా?

నేను ఆలిమ్‌ను కాను. ఫత్వా ఇచ్చే హక్కు నాకు లేదు. కానీ మక్తబ్‌లో కూర్చున్న ప్రతి పిల్లవాడికీ తెలిసిన రెండు సంగతులు చెబుతాను.

ఒకటి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సఫర్‌లో ఉండగా హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)తో పరుగు పందెం వేశారని సునన్ అబూదావూద్‌లో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత, ఆమె ఒళ్లు చేశాక, మళ్లీ పందెం వేస్తే ఆయన గెలిచారు. దానికి దీనికి చెల్లు అన్నట్టు నవ్వులాటగా మాట్లాడారు. మియాబీవీ కలిసి పరుగెత్తడం బేషర్మీ అయితే ఈ హదీసు మనదాకా ఎందుకొచ్చినట్టు? మన ఇళ్లలో ఎంతమంది మియాలు బీవీతో కలిసి చివరిసారి ఏ ఆట ఆడారో గుర్తు చేసుకోండి.

రెండు. సఫా, మర్వా. దప్పికతో ఏడుస్తున్న బిడ్డకోసం హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) ఆ రెండు గుట్టల మధ్య ఏడుసార్లు తిరిగారు. ఆ తల్లి తడబాటే, ఆ తల్లి పరుగే ఈనాటికీ హజ్‌లో, ఉమ్రాలో సయీగా ఉంది. పచ్చ దీపాల మధ్య మగవాళ్లు పరుగులాంటి నడక నడుస్తారు, ఔరతులు మామూలుగా నడవాలంటుంది ఫిఖ్‌హ్. అది అక్కడి మసాయెల్, దాన్ని నేను కాదనను. కానీ కోట్లమంది మగవాళ్లు ఈ రోజు అక్కడ ఒక ఔరత్ అడుగుల్లో అడుగులేస్తున్నారన్న సంగతి మర్చిపోకూడదు కదా.

అమ్మీ మొదట ఈ పరుగుకు రానంది. "అయిదు కిలోమీటర్లు నావల్ల ఎక్కడవుతుంది" అంది. మా బేటీ ఒక్క మాట అడిగింది. "దాదీ, ఉమ్రాలో సయీ చేశావు కదా, అది ఎంత దూరం?" ఏడు చుట్లు కలిపితే దాదాపు మూడు కిలోమీటర్లు. తవాఫ్ అదనం. అమ్మీ కాసేపు ఆలోచించి, "అయితే నా సాక్సులు ఎక్కడున్నాయో వెతుకు" అంది.

అసలు సంగతి: మా ఖాలా

ఇప్పుడు ఖాందాన్‌లో ఎవరూ మాట్లాడని సంగతి మాట్లాడతాను. అమ్మీ దగ్గర ఇజాజత్ తీసుకునే రాస్తున్నాను.

మా ఖాలా, అమ్మీకి సొంత చెల్లెలు, రొమ్ము కాన్సర్‌తో పోయింది. మొదట చేతికి తగిలినప్పుడు ఆ గడ్డ శనగగింజంత ఉందట. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏం కాదులే అనుకుంది. తర్వాత పెరిగింది. చెప్పుకోవడానికి షరమ్. మొగుడికి చెప్పలేదు. అక్కకు కూడా చెప్పలేదు. డాక్టర్ మగవాడైతే ఎలా అని ఒక భయం. ఇంట్లో పెళ్లికి ఉన్న పిల్లలున్నారు, ఈ మాట బయటికి పొక్కితే రిష్తాలు రావని ఇంకో భయం. ఏడాదిన్నర దుపట్టా కింద దాచింది. దాచలేని స్థితి వచ్చాక దవాఖానాకు తీసుకెళ్తే, డాక్టరమ్మ చూసి ఒకే మాట అడిగింది. "ఇన్నాళ్లు ఏం చేశారమ్మా?"

ఏం చేశాం? ఇజ్జత్ కాపాడుకున్నాం.

ఖాలా జనాజాకు ఊరు ఊరంతా వచ్చింది. "బడీ షరమ్‌వాలీ ఔరత్ థీ" అని అందరూ తారీఫ్ చేశారు. అది విని నేనూ తలూపాను. ఆ షరమే ఆమెను తినేసిందని నాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది.

హయా వేరు, ఈ షరమ్ వేరు. హయా ఈమాన్‌లో భాగం, అది మనిషిని చెడునుంచి ఆపుతుంది. ఈ షరమ్ మనిషిని దవా నుంచి ఆపుతోంది. హయా అల్లాహ్ కోసం. ఈ షరమ్ 'లోగ్ క్యా కహేంగే' కోసం. రెండింటికీ ఒకే బుర్ఖా తొడిగి మన ఆడపిల్లలకు నేర్పుతున్నాం.

మన దేశంలో ఔరతులకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కాన్సర్ ఇదే. తొందరగా పట్టుకుంటే నయమయ్యే ఛాన్సు చాలా ఎక్కువ. మన దగ్గర సగానికి సగం ఆలస్యంగానే దవాఖానాకు చేరుతున్నాయి. పరుగెత్తి ఉంటే ఖాలా బతికేదని నేను అనను. ఒంటిని కదిలిస్తే ఈ జబ్బు ముప్పు కొంత తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. తగ్గుతుందంటారు, రాదని ఎవరూ హామీ ఇవ్వరు. కానీ 'రొమ్ము' అనే మాట గట్టిగా అనగలిగే ఇంట్లో పుట్టి ఉంటే ఆమె బతికేదేమో. ఆ పరుగులో మా అమ్మీ ఛాతీ మీద పిన్నుతో గుచ్చిన నంబరు కాగితం మీద ఆ జబ్బు పేరు పెద్దక్షరాల్లో ఉంది. చెల్లెలు నోట ఏనాడూ రాని మాటను అక్క గుండెల మీద పెట్టుకుని అయిదు కిలోమీటర్లు నడిచింది. దాన్ని మీరు బేషర్మీ అంటున్నారు.

ఇంకో మాట. ఆ ఫోటో చూశాక ఖాందాన్‌లోనే ఒక ఆపా మా బేగంకు విడిగా ఫోన్ చేసింది. "నాకూ ఏదో తగులుతోంది, లేడీ డాక్టర్ ఎవరైనా తెలుసా?" అని. మరుసటి వారం ఇద్దరూ కలిసి వెళ్లారు. అల్‌హమ్దులిల్లాహ్, మామూలు గడ్డే అని తేలింది. చిచ్చా, మీ వాయిస్ మెసేజ్ తర్వాత గ్రూపులో ఇరవై తలకాయలు ఊగాయి. ఆ ఫోటో వల్ల ఒక ఔరత్ డాక్టర్ దగ్గరికి వెళ్లింది. రెంటిలో ఏది నేకీనో మీరే చెప్పండి.

మూడో ఏతరాజ్: ఇదంతా అంగ్రేజీ ఫ్యాషన్

చందా పరుగుల్లో పేరున్న కథ ఒకటి చెబుతాను. కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రవాడికి ఎముక కాన్సర్ వచ్చి కుడికాలు తీసేశారు. 1980 ఏప్రిల్‌లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, పెట్టుడు కాలితో కాన్సర్ పరిశోధన కోసం చందా పోగుచేస్తూ దేశం ఈ చివరినుంచి ఆ చివరికి పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. కాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో ఆగాల్సి వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో చనిపోయాడు. అతని పేరు మీద ఈనాటికీ దేశదేశాల్లో పరుగులు జరుగుతున్నాయి. ఇందులో ఫ్యాషన్ ఎక్కడుంది? సబ్ర్ ఉంది, ఖిద్మత్ ఉంది. మంచి ఎక్కడ దొరికినా మోమిన్ తన పోగొట్టుకున్న సొత్తులా తీసుకోవాలని మన పెద్దలే కదా నేర్పింది.

అంగ్రేజీది కాబట్టి వద్దంటే, చిచ్చా షుగర్ మాత్ర కూడా అంగ్రేజీదే. మీరు రోజూ రెండుపూటలా వేసుకుంటున్నారు.

షుగర్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఐసీఎంఆర్ సర్వే ఒకటి 2023లో అచ్చయింది. దేశంలో దాదాపు పది కోట్ల మందికి షుగర్ ఉందని అందులో తేలింది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో చాలినంత ఒళ్లు కదపని మగవాళ్లు నూటికి 42 మంది, ఆడవాళ్లు 57 మంది. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో వేరే సర్వే అక్కర్లేదు. మన మొహల్లా మైదానం చూస్తే చాలు. పొద్దున మగవాళ్లు వాకింగ్, సాయంత్రం మగపిల్లలు క్రికెట్. ఆడపిల్ల ఆ మైదానాన్ని బాల్కనీ నుంచి చూస్తుంది. నలభై ఏళ్లొచ్చేసరికి మోకాళ్లు పట్టేసి నమాజ్ కుర్చీలో కూర్చుని చదువుతుంది. అప్పుడు మనం జాలిగా కుర్చీ కొనిచ్చి పెద్ద ఎహ్సాన్ చేసినట్టు ఫీలవుతాం.

నాలుగో ఏతరాజ్: ఆ పైసలు సీదా గరీబులకు ఇవ్వొచ్చు కదా

ఇది అన్నిటికంటే మంచి సవాల్. దీనికి సగం ఒప్పుకుంటాను.

టీషర్టు, మెడల్, స్టేజీ, మైకు, అన్నిటికీ ఖర్చవుతుంది. ఫీజు మొత్తం మరీజులకు చేరదు. అందుకే ఈ ఫీజును నేను జకాత్‌లో లెక్కవేయలేదు, ఎవరూ వేయకూడదు. జకాత్‌కు హఖ్‌దార్లు ఎవరో ఖురాన్ ఎనిమిది ఖానాల్లో చెప్పేసింది. అందులో నా టీషర్టు లేదు. మా అయిదుగురి రెండున్నర వేలూ నా జేబులోంచి, సదఖా నియ్యత్‌తో, నా ఇంటి ఖర్చు తగ్గించుకుని ఇచ్చినవి. ఎంత పోగయింది, ఎంత దవాఖానాకు చేరింది, లెక్క చూపండని నిర్వాహకులను మీరూ అడగండి. చూపని వాళ్ల పరుగుకు వెళ్లకండి.

కానీ 'సీదా ఇవ్వొచ్చు కదా' అన్న భాయిలను ఒక్కటి అడుగుతాను. ఇచ్చారా? ఆ ఆదివారం మీ అయిదు వందలు ఏ గరీబ్ మరీజుకు చేరాయి? చాలామందికి ఈ మాట ఇవ్వడానికి దారి కాదు, ఇవ్వకుండా ఉండడానికి బహానా. ఒక వలీమాలో మిగిలిపోయి పారబోసే బిర్యానీ ఖరీదుతో ఎన్ని పరుగుల ఫీజు కట్టొచ్చో లెక్కేసి అప్పుడు మాట్లాడండి.

మీరన్నదాంట్లో సచ్చాయి ఉన్నచోట

అన్నీ మావే ఒప్పు అనను. స్టేజీ దగ్గర పాటలు చెవులు పగిలేలా పెట్టారు. జుంబా అని ఎగిరించారు. మేము దూరంగా చెట్టుకింద నిలబడ్డాం. వాళ్లిచ్చిన టీషర్టు మా ఔరతులకు సరిపోదు. బేగం దాన్ని పొడుగు కుర్తా మీద వేసుకుంది. ఫోటోల పిచ్చి ఎక్కువ. రియా భయం నాకూ ఉంది. నేకీ చేసి ఊరంతా చాటుకుంటే ఇక అల్లాహ్ దగ్గర ఏం మిగులుతుంది? ఆ ఒక్క ఫోటో కూడా గ్రూపులో పెట్టకపోతే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను. ఆ ఆపా ఫోన్ వచ్చాకే నా మనసు కుదుటపడింది.

ఇవి సరిచేసుకోదగ్గ తప్పులు. ఇంట్లో కూర్చోడానికి దలీల్ కాదు. మన షాదీల్లో ఎన్ని తప్పుల్లేవు? షాదీలు మానేశామా?

ఇంకో చేదు నిజం. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఇదే వాట్సాప్ గ్రూపులో 'మాషా అల్లాహ్, ఖౌమ్ కీ బేటీ' అని నలభై మెసేజ్‌లు వచ్చాయి. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిస్తే మళ్లీ వచ్చాయి. కానీ ఆ అమ్మాయి చిన్నప్పుడు గ్లవ్స్ తొడుక్కున్న రోజుల్లో రిష్తేదార్లు, ఇరుగుపొరుగు ఏమేం అన్నారో ఆమే, ఆమె వాలిద్ గారే పత్రికలకు చెప్పారు. అంటే మెడల్ తెచ్చాక ఖౌమ్ కీ బేటీ, తెచ్చేదాకా బేషరమ్. ఇంట్లో ఉన్న మా బేటీ మెడల్ తేదు. అయిదు కిలోమీటర్లు పరుగెత్తి అరటిపండు తిని ఇంటికొస్తుంది, అంతే. మెడల్ తేని బిడ్డలకు కూడా ఊపిరితిత్తులుంటాయి భాయ్.

కలిసి వెళ్లడం ఎందుకు

ఇంట్లో మేం అయిదుగురం అయిదు ఫోన్లతో అయిదు మూలల్లో ఉంటాం. ఈ పరుగుకోసం ఎనిమిది వారాలు ఫజర్ తర్వాత కలిసి మైదానానికి వెళ్లాం. మొదటి వారం రెండు నిమిషాలు పరుగెత్తితే నాకు ఊపిరందలేదు. మా బేటీ వెనక్కి వచ్చి, నా పక్కన మెల్లగా నడుస్తూ, "అబ్బా, ముక్కుతో పీల్చు" అని నేర్పింది. నేను దానికి సైకిల్ నేర్పిన మైదానం అదే. ఫజర్‌కు లేపితే లేవని మా బేటా షూ వేసుకోవచ్చన్న ఆశతో లేచేవాడు. నియ్యత్‌లో కల్తీ ఉందనుకోండి, కానీ నమాజ్ అయితే తప్పలేదు.

పరుగు రోజున అమ్మీ అందరికంటే వెనకబడింది. మేమంతా ముగింపు గీతకు వంద అడుగుల ముందు ఆగి ఆమె కోసం నిలబడ్డాం. అయిదుగురం కలిసి దాటాం. దాటాక అమ్మీ హుస్సేన్ సాగర్ వైపు తిరిగి దువాకు చేతులెత్తింది. ఏం అడిగావని నేను అడగలేదు. ఖాలా పేరు పలకడం వినిపించింది.

మీ ఖాందాన్ కూడా వెళ్లాలనుకుంటే నాలుగు మాటలు. రెండు నెలల ముందు నడకతో మొదలుపెట్టండి. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ను అడిగాకే రావాలి, జేబులో నాలుగు ఖజూరాలు పెట్టుకోవాలి. అబాయా అంచు చీలమండ పైకి ఉండేలా కుట్టించండి, లేకపోతే కాళ్లకు చుట్టుకుంటుంది. ఫజర్ అయ్యాకే బయలుదేరండి. అందరికంటే మెల్లగా నడిచే మనిషి వేగమే ఇంటి వేగం అనుకోండి.

చిచ్చా, మీరంటే నాకు అదబ్ ఉంది. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఈద్‌గాహ్‌కు తీసుకెళ్లింది మీరే. ఈ రోజు మీకు మెట్లెక్కితే ఆయాసం. ఈసారి మాతో రండి. అమ్మీతో కలిసి నడవండి. మీ ఫీజు నేను కడతాను. రాకపోతే కనీసం మా బేటీ ఎదుట ఆ మాట వెనక్కి తీసుకోండి. అది మీ పోతీ, మీ మాటకు చాలా విలువిస్తుంది, అందుకే కదా షూ అల్మారీ ఎక్కాయి.

నిన్న రాత్రి ఆ షూ దించి, దుమ్ము తుడిచి, గుమ్మం దగ్గర పెట్టాను. ఏమీ అనలేదు. రేపు ఫజర్ తర్వాత నేనూ అమ్మీ మైదానానికి వెళ్తున్నాం. వేసుకోవడమా మానడమా, అది బేటీ మర్జీ. జనం ఏమంటారోనని మానుకునే మాటైతే మాత్రం, మా ఇంట్లో ఒక జనాజా చాలు.

అల్లాహ్ మన ఔరతులకు సెహత్, మన మగవాళ్లకు అఖల్ ప్రసాదించుగాక. ఆమీన్.